పొట్ట నిండినా ఒళ్ళు చేయని జీవాలు: గొర్రెలు, మేకల్లో మేత నాణ్యతకూ అరుగుదలకూ ఉన్న లంకె

సాయంత్రం మంద కొట్టానికి చేరేసరికి ప్రతి జీవం పొట్టా రెండు వైపులా ఉబ్బి కనిపిస్తుంది. చూసేవాళ్ళకు తృప్తిగా ఉంటుంది. నెలయ్యాక అదే జీవాన్ని పట్టుకుని నడుం మీద వేళ్ళు ఆనిస్తే ఎముకలు ముళ్ళలా తగులుతాయి. పురుగులు పడ్డాయేమోనని మందు తాగిస్తాం. ఒక్కోసారి నిజంగా పురుగులే కారణం. మందు తాగించాక కూడా మార్పు లేకపోతే మాత్రం తొట్టిలో ఉన్న మేతను అనుమానించాలి.

చాలామంది అనుకునేది, నాసి మేత వేస్తే జీవం ఇంకాస్త ఎక్కువ తిని సరిపెట్టుకుంటుందని. జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. మేత ఎంత నాసిదైతే జీవం అంత తక్కువ తింటుంది. ఎందుకో అర్థమైతే కోత, నిల్వ, కలగలుపు, మార్పు వంటి మిగతా పనులన్నీ వాటంతటవే తేలికవుతాయి. కాబట్టి మొదటి మెట్టు మీద కాస్త ఎక్కువసేపు కూర్చుందాం.

1. ముందు పొట్ట లోపలికి చూడండి

గొర్రెకైనా మేకకైనా పొట్టలో నాలుగు గదులు. అన్నిటికంటే పెద్దది రూమెన్. ఎడమ డొక్క అంతా అదే. ఎదిగిన జీవంలో దాదాపు 10 నుంచి 20 లీటర్లు పడుతుంది. లోపల 39 డిగ్రీల వెచ్చదనం, ప్రాణవాయువు దాదాపు లేని చీకటి. దోసెల పిండి పులిసినట్టు అక్కడ గడ్డి పులుస్తుంది. పీచును విరగ్గొట్టే ఎంజైములు జీవం ఒంట్లో తయారు కావు. ఆ పని రూమెన్‌లో ఉండే బాక్టీరియా, ప్రోటోజోవా, శిలీంధ్రాలు చేస్తాయి. అవి పీచును పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలను వదులుతాయి. ఆ ఆమ్లాలు రూమెన్ గోడల్లోంచే నేరుగా రక్తంలో కలుస్తాయి. జీవానికి అందే శక్తిలో సుమారు 70 శాతం ఇలా వచ్చేదే. చివరికి ఆ సూక్ష్మజీవులు కూడా మేతతో పాటు కిందికి కొట్టుకుపోయి, నాలుగో గదిలోనూ పేగుల్లోనూ అరిగి, జీవానికి మాంసకృత్తులుగా పనికొస్తాయి.

ఇంతవరకు చాలా పుస్తకాల్లో ఉంటుంది. అంతగా పట్టించుకోని సంగతి మరొకటుంది, అది రూమెన్ నుంచి బయటికి వెళ్ళే దారి. ఆ దారి ఇరుకు. గొర్రెల్లో ఒక మిల్లీమీటరు కంటే పెద్దగా ఉన్న ముక్కలు ముందుకు పోవడం చాలా కష్టం. అందుకే జీవం పడుకుని, మింగిన మేతను మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నెమరు వేస్తుంది. పీచు బాగా ఉన్న మేత మీద రోజులో ఏడెనిమిది గంటలు దానికే పోతాయి. నమిలి నమిలి సన్నం చేశాక, సూక్ష్మజీవులు మెత్తబరిచాక, అప్పుడు ఆ ముక్కకు దారి దొరుకుతుంది.

లేత ఆకు తొందరగా మెత్తబడుతుంది, చాలావరకు కరిగిపోతుంది, ఒకటిన్నర రోజులోపే చోటు ఖాళీ చేస్తుంది. ముదిరిన కాండంలో లిగ్నిన్ పేరుకుని ఉంటుంది. చెట్టుకు కర్రతనం ఇచ్చేది అదే. ఏ సూక్ష్మజీవీ రూమెన్‌లో దాన్ని అరిగించలేదు. పైగా అది పక్కనున్న మంచి పీచును కూడా చుట్టేసి అందకుండా చేస్తుంది. అలాంటి మేత రెండు మూడు రోజులు అక్కడే పడి ఉంటుంది. పాతది కదలకపోతే కొత్తదానికి చోటేది? జీవం తొట్టి దగ్గర నుంచి తల తిప్పేసుకుంటుంది. దానికి ఆకలి తీరలేదు, పొట్టలో జాగా మాత్రం అయిపోయింది.

అంకెల్లో పెడితే ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. 30 కిలోల గొర్రెను తీసుకుందాం. మంచి ఆకుమేత దొరికితే అది తన బరువులో 3.5 శాతం దాకా పొడి పదార్థం తినగలదు, అంటే 1050 గ్రాములు. పొడి పదార్థం అంటే మేతలోని నీటిని తీసేయగా మిగిలేది. దాంట్లో 65 శాతం అరిగితే ఒంటికి పట్టేది 680 గ్రాములు. అదే గొర్రెకు ఉత్త వరిగడ్డి వేస్తే బరువులో 1.8 శాతం తినడమే గగనం, 540 గ్రాములు. దాంట్లో అరిగేది 45 శాతం అనుకుంటే ఒంటికి దక్కేది 243 గ్రాములు. ఉన్న బరువు తగ్గకుండా నిలబెట్టుకోవడానికే దానికి సుమారు 350 గ్రాములు కావాలి. తిన్న మేతలో తేడా రెండింతలకు కాస్త తక్కువ. ఒంటికి పట్టినదానిలో తేడా దాదాపు మూడింతలు. నాసి మేత రెండు చోట్లా దెబ్బ కొడుతుంది, తినేది తగ్గిస్తుంది, తిన్నదాంట్లో అరిగేదీ తగ్గిస్తుంది.

2. మేతను చేత్తో, ముక్కుతో, తూకంతో పరీక్షించండి

ప్రయోగశాలకు పంపే వీలుంటే పంపండి. వచ్చే కాగితంలో మూడు అంకెలు చూస్తే సగం కథ తెలుస్తుంది. ముడి మాంసకృత్తులు మొదటిది. ఇది పొడి పదార్థంలో 7 శాతం కంటే తగ్గితే సూక్ష్మజీవులకు నత్రజని చాలక పీచు అరగడమే మందగిస్తుంది. రెండోది ఎన్‌డీఎఫ్, అంటే మొత్తం పీచు. ఇది పెరిగేకొద్దీ జీవం తినగలిగేది తగ్గుతుంది. పప్పుజాతి లేత మేతలో 40 శాతం దగ్గర ఉంటే, ముదిరిన గడ్డిలో 70 దాటుతుంది. మూడోది ఏడీఎఫ్. దాంట్లో లిగ్నిన్, సెల్యులోజ్ కలిసి ఉంటాయి, ఇది పెరిగితే అరుగుదల తగ్గుతుంది. ఈ రెండు పీచు కొలతలనూ 1960ల్లో రూపొందించినవాడు పీటర్ వాన్ సోస్ట్ అనే అమెరికా శాస్త్రవేత్త. మేతను డిటర్జెంటు ద్రావణంలో ఉడికించి, కరగకుండా మిగిలినదాన్ని తూచడం ఆయన పద్ధతి. అంతకుముందు వందేళ్ళుగా వాడిన ముడి పీచు లెక్కలో లిగ్నిన్ కొంత కరిగి జారిపోయేది. దాంతో నాసి మేత కూడా కాగితం మీద బాగానే కనబడేది. ఇప్పటికీ దాణా బస్తాల మీద ఆ పాత లెక్కే అచ్చవుతూ ఉంటుంది, అందుకే దాన్ని చూసి మోసపోకండి.

ప్రయోగశాల లేకపోయినా పెద్ద నష్టం లేదు. ఒక పనలోంచి గుప్పెడు మేత తీసి ఆకును, కాండాన్ని చేత్తో విడదీయండి. రెండిటినీ విడివిడిగా తూయండి. ఈ చిన్న పని చెప్పినంత నిజం మరేదీ చెప్పదని నా అభిప్రాయం. లూసర్న్ లాంటి పప్పుజాతి మేతలో మాంసకృత్తుల్లో అధిక భాగం ఆకులోనే ఉంటుంది. ఆకు సగానికి తక్కువగా ఉందంటే అది కాండాల కట్ట, మేత అనేందుకు లేదు.

తర్వాత కాండాన్ని వంచి చూడండి. వంగితే లేత, టప్పున విరిగితే ముదురు, విరిగాక నార సాగితే మరీ ముదురు. రంగు కూడా చెబుతుంది గానీ రంగును మాత్రమే నమ్ముకోవద్దు. ఎండకు పాలిపోయిన గడ్డిలో విటమిన్ ఎ ఇచ్చే కెరోటిన్ పోతుంది తప్ప, సరైన సమయంలో కోసినదైతే అరుగుదలకు పెద్దగా ఢోకా ఉండదు. పచ్చగా నిగనిగలాడుతూ కంకి గట్టిపడ్డాక కోసిన మేత దానికంటే అధ్వానం.

చివరిగా వాసన. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముక్క వాసన, మట్టి వాసన, దులిపితే తెల్లగానో నల్లగానో ధూళి లేస్తే అది బూజు. బూజు పట్టిన భాగాన్ని పక్కన పెట్టి మిగతాది వేద్దామనుకోవద్దు, విషం కంటికి కనిపించే బూజు దగ్గరే ఆగదు.

3. గొర్రె వేరు, మేక వేరు

రెండూ ఒకే తొట్టిలో తింటున్నా వాటి తీరు ఒకటి కాదు. గొర్రె పై పెదవి మధ్యలో చీలి ఉంటుంది. దాంతో నేలకు అంటుకున్న పొట్టి గడ్డిని కూడా కొరికేస్తుంది. మేక పై పెదవి వేలులా కదులుతుంది, ముళ్ళ మధ్య నుంచి ఒక్కో ఆకునూ ఏరుకుంటుంది, ముందు కాళ్ళు ఎత్తి కొమ్మలు అందుకుంటుంది. వదిలేస్తే మేక తిరిగి తిరిగి అన్నింటిలోకీ మంచి ముక్క తింటుంది, అదే దాని బలం. కట్టేసి ఒకే రకం ముదురు గడ్డి వేస్తే ఆ బలం పోతుంది, గొర్రెకంటే తొందరగా చిక్కిపోతుంది.

చెట్ల ఆకుల్లో టానిన్లు ఉంటాయి, నాలుకకు వగరు తగిలేది వాటివల్లే. ఇవి మాంసకృత్తులను పట్టుకుని ముద్ద చేస్తాయి. పొడి పదార్థంలో 2 నుంచి 4 శాతం ఉంటే మేలే. కొంత మాంసకృత్తులు రూమెన్‌లో కరిగిపోకుండా పేగులదాకా చేరతాయి, నురగ ఉబ్బరం రాదు, కొన్ని రకాల పురుగుల మీద కూడా ప్రభావం ఉంటుంది. 5 శాతం దాటితే మేత తినడమే తగ్గుతుంది, పీచు అరగడం మందగిస్తుంది. ఆకు వగరును గొర్రె కంటే మేక బాగా తట్టుకుంటుంది. అందుకే చెట్ల ఆకులు ఎక్కువ, గడ్డి తక్కువ ఉన్నచోట రెండిటికీ ఒకే వంతు పంచడం గొర్రెలకు అన్యాయం.

4. ఎప్పుడు కోయాలో నిర్ణయించండి

నాణ్యతను ఎక్కువగా నిర్ణయించేది విత్తనం రకమూ కాదు, ఎరువూ కాదు, కోత రోజు. గడ్డిజాతి మేత చిరుపొట్ట దశ నుంచి కంకి తొంగిచూసేలోపు కోయాలి. పప్పుజాతి అయితే పదింట ఒక మొక్క పూతకు వచ్చినప్పుడు. ఆ దశ దాటాక గడ్డి అరుగుదల రోజుకు దాదాపు అర శాతం చొప్పున పడిపోతుంది. రెండు వారాలు ఆగితే ఏడు శాతం పోయినట్టే.

ఆగడానికి అందరూ చెప్పే కారణం ఒక్కటే, ఇంకొంచెం ఎదిగితే బరువు పెరుగుతుందని. పెరుగుతుంది, అబద్ధం కాదు. పెరిగేది కాండం. బండి నిండుతుంది, మొదటి మెట్టులో చూసిన ఇరుకు దారి దగ్గర అదంతా నిలిచిపోతుంది.

ఎండబెట్టేటప్పుడు పప్పుజాతి మేతను మిట్టమధ్యాహ్నం తిరగేయకండి. కరకరలాడే ఆకు రాలిపోయి కాండాలే మిగులుతాయి. మంచు తడి ఇంకా కొద్దిగా ఉండగానే పొద్దున తిరగేస్తే ఆకు నిలుస్తుంది. మోపు కట్టేనాటికి తేమ 15 శాతానికి దిగాలి. గుప్పెడు కాండాలు మెలితిప్పితే విరగాలి, తడి తగలకూడదు. అంతకంటే తేమ ఉంటే కుప్ప లోపల వేడెక్కుతుంది. అలా వేడెక్కి మాడిన గోధుమరంగు గడ్డి తీపి వాసన వేస్తుంది, జీవాలు ఇష్టంగా తింటాయి కూడా. అయితే దాంట్లోని మాంసకృత్తులు పీచుకు అతుక్కుపోయి చాలావరకు అరగకుండానే పెంటికల్లో పోతాయి.

పాతర గడ్డి వేసేవాళ్ళకు ఒక్క మాట. గాలి చొరకుండా తొక్కడమే అసలు పని. బాగా కుదిరిన పాతర గడ్డి పుల్లగా, పండ్ల వాసనతో ఉంటుంది, ఉదజని సూచిక (పీహెచ్, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 దగ్గరకు వస్తుంది. కుళ్ళు వాసన వచ్చినదీ, మట్టి కలిసినదీ గొర్రెలకు వేయకండి. అలాంటిదాంట్లో లిస్టీరియా అనే బాక్టీరియా పెరుగుతుంది. అది మెదడుకు పాకితే జీవం ఒకవైపు ఒరిగి గుండ్రంగా తిరుగుతుంది. పశువుల కంటే గొర్రెలు, మేకల్లో ఈ ముప్పు ఎక్కువ.

5. నాసి మేతే గతి అయినప్పుడు

ఎండాకాలంలో చొప్పా వరిగడ్డీ తప్ప ఏమీ ఉండదు. అప్పుడు దాణా కొనే ముందు సూక్ష్మజీవులకు నత్రజని అందించే దారి చూడండి. వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు 4 శాతం దగ్గరే ఉంటాయి. సూక్ష్మజీవులు పస్తుంటే ఎంత గడ్డి వేసినా అది పులియదు. రోజూ గుప్పెడు పప్పుజాతి ఎండు ఆకు, వేరుశనగ తీగ, సుబాబుల్ ఆకు, కొంచెం తెలగపిండి, వీటిలో ఏది దొరికినా సరే. మొత్తం మేతలో మాంసకృత్తులను 8 శాతం దాటిస్తే తినే గడ్డి కూడా పెరుగుతుంది. కొద్దిపాటి ఖర్చుకు ఇంత ఫలితం ఇచ్చే పని పోషణలో మరొకటి లేదు.

ఇక్కడ జరిగే పొరపాటు, పప్పుజాతి ఆకుకు బదులు గింజ దాణా గుమ్మరించడం. గింజలోని పిండిపదార్థం తొందరగా పులిసి రూమెన్‌లో ఆమ్లం పెంచుతుంది. పీచును అరిగించే బాక్టీరియాకు ఉదజని సూచిక 6 కంటే పైన ఉండాలి. అది కిందికి జారితే అవి నీరసిస్తాయి. దాణా బలం వచ్చినట్టే ఉంటుంది, గడ్డి మాత్రం అరగకుండా మిగిలిపోతుంది. మేపేదాంట్లో మూడో వంతు దాటాక గింజ ఈ కీడు చేయడం మొదలుపెడుతుంది. ఇవ్వక తప్పకపోతే రెండు మూడు పూటలుగా విడదీసి, ఎండుమేత తిన్నాక ఇవ్వండి.

గడ్డిని నరకడం మంచిదే, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా. వృథా తగ్గుతుంది. పొడి చేయడం వేరే సంగతి. పొడి చేసిన మేత నెమరు లేకుండానే జారిపోతుంది, అరిగేందుకు సమయం దొరకదు. నమలడం తగ్గితే లాలాజలం తగ్గుతుంది. గొర్రె రోజుకు లీటర్ల కొద్దీ లాలాజలం మింగుతుంది. అందులోని బైకార్బొనేటే రూమెన్‌లో ఆమ్లాన్ని విరిచేది. యంత్రం ఉంది కదా అని అన్నీ పిండి చేయడం అరుగుదలకు మేలు చేయదు.

యూరియాతో గడ్డిని మాగబెట్టడం మరో మార్గం. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, పరదాతో గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. వెలువడే అమ్మోనియా లిగ్నిన్ బిగువును కొంత సడలిస్తుంది, మాంసకృత్తులు 7 - 8 శాతానికి పెరుగుతాయి. వేసే ముందు గంటసేపు ఆరబెట్టి ఘాటు పోనివ్వండి. పాలు తాగే పిల్లలకు వద్దు, పస్తున్న జీవానికి ఒక్కసారిగా వద్దు. కరగని యూరియా గడ్డలు ఒకచోట చేరితే ప్రాణం తీస్తాయి. తూకం చేతకానివాళ్ళు ఈ పని జోలికి పోకపోవడమే మేలు.

ఇంకో చిన్న కిటుకు, ఖర్చు లేనిది. వేసిన మేతంతా ఖాళీ అవ్వాలని పట్టుబట్టకండి. ఐదో వంతు మిగిలేలా వేస్తే జీవాలు ఆకును ఏరుకుని మొండి కాండాలు వదిలేస్తాయి. తిన్నదాని నాణ్యత వేసినదాని కంటే మెరుగవుతుంది. మేకల్లో ఇది మరీ బాగా పనిచేస్తుంది. మిగిలిన కాండాలు పరుపుకో ఎరువుకో పోతాయి. తొట్టి నాకేసినట్టు ఖాళీగా ఉందని మురిసిపోయే యజమాని నిజానికి జీవాల చేత కర్రలు తినిపించాడు.

నీళ్ళ సంగతి ఒక్క మాటలో: కిలో పొడి పదార్థానికి రెండు మూడు లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ. నీళ్ళు తగ్గితే మేత తగ్గుతుంది. అంతే.

6. మార్చేటప్పుడు తొందరపడకండి

ఎండుమేత మీద బతికిన సూక్ష్మజీవుల గుంపు వేరు, లేత పచ్చిక మీద బతికేది వేరు, గింజ మీద బతికేది వేరు. ఒక గుంపు తగ్గి మరో గుంపు పెరగడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. పాత మేతలో నాలుగో వంతు తీసి కొత్తది కలపడం, మూడు నాలుగు రోజులకోసారి ఇంకో వంతు మార్చడం, ఇదే పద్ధతి.

తొలి వానలకు మొలిచిన లేత గడ్డి మీదికి ఆకలితో ఉన్న మందను వదిలినప్పుడు వచ్చే కష్టాలు రెండు రకాలు. పారుడు మొదటిది, చాలాసార్లు తనంతట తాను సర్దుకుంటుంది. రెండోది చిటుకు రోగం. పేగుల్లో ఎప్పుడూ ఉండే క్లాస్ట్రీడియం బాక్టీరియా, అరగకుండా జారిపడిన పిండిపదార్థం దొరకగానే పొంగి విషం వదులుతుంది. మందలోకెల్లా బలిసిన పిల్ల సాయంత్రం బాగుండి పొద్దున చచ్చి పడి ఉంటుంది. కొత్త మేత కాలానికి ముందే టీకా వేయించడమొక్కటే నమ్మదగిన రక్షణ.

లూసర్న్, బర్సీం లాంటి పప్పుజాతి మేతలు లేతగా, తడిగా ఉన్నప్పుడు నురగ ఉబ్బరం తెస్తాయి. వాటి మాంసకృత్తులు తొందరగా కరిగి రూమెన్‌లో నురగ కడతాయి, గాలి బుడగల్లో చిక్కుకుని తేన్పు రాదు. ఎడమ డొక్క డోలులా బిగుసుకుంటుంది. ముందు ఎండుమేత వేసి, మంచు ఆరాక, కాసేపు మాత్రమే మేపండి. డొక్క ఉబ్బి ఊపిరి కష్టమైతే చిట్కాలు వెతుకుతూ కూర్చోకుండా పశువైద్యుణ్ణి పిలవండి. ఆ స్థితిలో జీవానికి మిగిలేది నిమిషాలు.

7. మంచి మేతలో దాగిన విషాలు

జొన్న జాతి మొక్కల్లో లేతగా ఉన్నప్పుడు, కరవుకు వాడిపోయినప్పుడు, కోసిన మొదళ్ళ నుంచి కొత్త పిలకలు వచ్చినప్పుడు హైడ్రోసయనిక్ ఆమ్లం పుట్టే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ముప్పావు మీటరు ఎత్తు దాటేదాకా మందను అటు తోలకండి. కోసి బాగా ఎండబెడితే ఈ విషం చాలావరకు పోతుంది.

నైట్రేటు దీనికి తోబుట్టువులా కనిపిస్తుంది గానీ, అసలు తేడా ఇక్కడే ఉంది. ఇది ఎండబెట్టినా పోదు. నత్రజని ఎరువు ఎక్కువ వేసి, వాన లేక నిలిచిపోయిన మొక్కలో, అదీ మొదటి జానెడు కాండంలో పేరుకుంటుంది. అందుకే అలాంటి పొలంలో ఎత్తుగా కోసి మొదలు వదిలేయాలి. పాతర వేస్తే కొంత తగ్గుతుంది. రూమెన్‌లో ఇది నైట్రైటుగా మారి రక్తం ప్రాణవాయువు మోయలేకుండా చేస్తుంది. ఆ రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది. హైడ్రోసయనిక్ ఆమ్లం విషానికి రక్తం మెరిసే ఎర్ర రంగులో ఉంటుంది. చనిపోయిన జీవాన్ని కోసి చూసే పశువైద్యుడు ముందు చూసేది ఈ తేడానే.

సుబాబుల్‌లో మిమోసిన్ ఉంటుంది, ఎక్కువైతే బొచ్చు ఊడుతుంది, గొంతు వాస్తుంది. మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి. దీని వెనక ఒక ముచ్చటైన కథ ఉంది. హవాయి మేకలు సుబాబుల్‌ను ఎంత తిన్నా జబ్బుపడకపోవడం రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త గమనించాడు. ఆ మేకల రూమెన్ ద్రవాన్ని 1980ల్లో ఆస్ట్రేలియా జీవాలకు ఎక్కించి చూస్తే వాటికీ ఆ శక్తి వచ్చింది. ఆ పని చేసిన బాక్టీరియాకు తర్వాత ఆయన పేరు మీదే సినర్జిస్టీస్ జోన్సీ అని పెట్టారు. అరుగుదల అనేది జీవం ఒంటిది కాదు, లోపలున్న గుంపుది అనడానికి ఇంతకంటే తేటైన రుజువు నాకు కనబడలేదు.

8. చూడి తల్లులకు, పిల్లలకు లెక్క మారుతుంది

చూడికాలం సుమారు 150 రోజులు. పిండం బరువులో దాదాపు 70 శాతం చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది. అదే సమయంలో పెరిగిన గర్భసంచి రూమెన్‌ను పక్కకు నెడుతుంది, పట్టే చోటు తగ్గుతుంది. కావలసింది పెరిగింది, పట్టేది తగ్గింది. ఇప్పుడు చొప్ప వేయడమంటే తల్లిని తన ఒంటి కొవ్వు కరిగించుకోమనడమే. కవలలు మోసే తల్లుల్లో ఆ కొవ్వు ఒక్కసారిగా కరిగితే దాన్నుంచి పుట్టే కీటోన్లు అనే పదార్థాలు రక్తంలో పేరుకుంటాయి. మేత మానేస్తుంది, గోడకు తల ఆనించి నిలబడుతుంది, ఊపిరిలో తియ్యటి వాసన వస్తుంది, తర్వాత లేవదు. అందాకా తెచ్చుకోకుండా, చివరి ఆరు వారాలకు మీ దగ్గరున్న వాటిలోకెల్లా ఆకున్న మేతను అట్టిపెట్టండి. ఈనాక పాలిచ్చే తల్లికి మేతలో మాంసకృత్తులు 13 నుంచి 15 శాతం కావాలి.

పిల్లల సంగతి వేరు. తాగిన పాలు రూమెన్‌లోకి పోకుండా ఒక కాలువ గుండా నేరుగా నాలుగో గదికి చేరతాయి. రూమెన్ అప్పటికి చిన్న సంచి. లేత ఆకు, కొద్దిగా దాణా రెండో వారం నుంచే నోటికి అందేలా పెడితే పులియడం మొదలై గోడలు ఎదుగుతాయి. ముదురు గడ్డి వేస్తే పొట్ట కిందికి జారి కుండలా వేలాడుతుంది, వెన్ను ఎదగదు. చూసినవాళ్ళు పిల్ల బాగా తింటోందనుకుంటారు.

9. పెంటికలు చదవండి, నెమరు లెక్కపెట్టండి

రోజూ పొద్దున కొట్టం ఊడ్చే ముందు నేల చూడండి. విడివిడిగా, నున్నగా, నొక్కితే కాస్త మెత్తగా అణిగే పెంటికలు మేత కుదిరిందని చెబుతాయి. రాళ్ళలా గట్టిగా, చిన్నగా, పొడిగా ఉంటే పీచు మరీ ఎక్కువ, నీళ్ళో మాంసకృత్తులో తక్కువ. ఒకదానికొకటి అతుక్కుని గుత్తుల్లా పడుతుంటే మేత మరీ లేతదైంది, లేదా మార్పు తొందరగా జరిగింది. ఒక పెంటికను నీళ్ళలో విడదీసి జల్లెడ పట్టండి. పొడుగాటి పీచులు, గింజలు చెక్కుచెదరకుండా కనిపిస్తే అవి అరగకుండానే దాటిపోయాయి.

మధ్యాహ్నం నీడకు పడుకున్న మందను దూరం నుంచి గమనించండి. సగానికి పైగా దవడలు ఆడిస్తూ ఉండాలి. తర్వాత ఒక జీవం ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి నిమిషం ఆగండి. ఒకటి రెండు సార్లు లోపలి నుంచి అల పైకి తోసినట్టు తగలాలి. ఏమీ తగలకపోతే రూమెన్ నిలిచిపోయింది. పిండి ముద్దలా నొక్కుకుపోతే ముదురు మేత పేరుకుంది, నీటి సంచిలా తొణికితే గింజ ఎక్కువై ఆమ్లం పుట్టింది.

మేత మార్చాక ఫలితం కోసం పొట్ట చూడకండి, నడుం తడమండి. చివరి పక్కటెముక వెనకాల వేళ్ళు ఆనించి, ఎముక అంచుల మీద ఎంత కండ ఉందో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేసి, తేదీతో రాసి పెట్టుకోండి. నెలకోసారి, అదే పది జీవాలు, అదే చెయ్యి. రెండు నెలల తర్వాత కూడా అంకె కదలకపోతే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కాగితంతో పాటు తాజా పెంటికలు ఒక సంచిలో, తొట్టిలోంచి తీసిన గుప్పెడు మేత మరో సంచిలో తీసుకెళ్ళండి.